పిడికిట్లో బొటనవేలు

పరుగు.

కాలి కింద పలకరాయి ముక్కలు జారుతున్నాయి. అడుగు వేస్తే గలగల... ఇంకో అడుగు వేస్తే గలగల...

పొద్దు గుంకి ఎంతోసేపు కాలేదు. మార్కాపురం క్వారీల మీద బూడిదరంగు వెలుగు ఇంకా కొంచెం మిగిలే ఉంది.

ఆ వెలుగే నాగమణి కొంప ముంచుతోంది. వెనక వస్తున్న ఇద్దరికీ ఆమె స్పష్టంగా కనబడుతోంది!

మోకాలు చీరుకుపోయి నెత్తురు కారుతోంది. స్కూటీ మీద నుంచి పడ్డప్పుడు తగిలిన దెబ్బ. తనంతట తాను పడలేదు. బొలేరో గుద్దింది. కావాలనే గుద్దింది.

మెడలో తాడుకి ఒక కార్డు వేలాడుతోంది. దాన్ని గుప్పిట్లో బిగించింది.

వాళ్ళకి ఈ కార్డు కావాలి. కార్డుతో పాటు ఆమె బొటనవేలు కావాలి. రెండూ ఉంటేనే పని జరుగుతుంది.

అందుకే ఇంకా కాల్చలేదు.

ఎదురుగా పెద్ద గొయ్యి... పలక తవ్వుకుని వదిలేసిన గొయ్యి. అడుగున నల్లటి నీళ్ళు. అంచు వెంబడి ఒక మనిషి నడిచేంత దారి. దారి పక్కనే గుట్టగా పోసిన పలక చెత్త.

అంచు మీదికి ఎక్కింది. పది అడుగులు పోయి, ఆ గుట్టనెక్కి వెనక్కి తిరిగింది.

మొదటివాడు అంచు మీదికి వచ్చేశాడు.

నాగమణి కూర్చుని, రెండు కాళ్ళతో గుట్టని బలంగా తన్నింది.

సర్రున జారింది పలక చెత్త! వాడి కాళ్ళ కిందికి, వాడి నడుం దాకా...

కేక. వెనకే నీళ్ళ చప్పుడు.

రెండోవాడు ఆగిపోయాడు. తోటివాణ్ణి లాగాలా, ఈమెని పట్టాలా?

వాడు తేల్చుకునేలోపు ఆమె గుట్ట అవతలికి దూకేసింది.

ఊపిరి ఆడటం లేదు. అయినా పరుగు.

తర్లుపాడు దాటాక ఒక చిన్న కొండ మీద ఆమె పనిచేసే గ్రౌండ్ స్టేషన్ ఉంది. ఒక డిష్, ఒక గది, ఒక జనరేటర్. ఉపగ్రహం ఆకాశంలో పోయే కొద్ది నిమిషాల్లో దానితో మాట్లాడే చోటు అది. సెల్‌ టవర్లు లేని మంచుకొండల్లో సైనికులు మాట్లాడే ప్రతి మాటా ఆ ఉపగ్రహం గుండానే పోతుంది. ఆ మాటలకి ఒక రహస్య తాళం ఉంది. ఆ తాళం మార్చాలంటే రెండు కార్డులు, రెండు బొటనవేళ్ళు కావాలి. ఒకటి నాగమణిది. ఇంకొకటి స్టేషన్ అధిపతి రంగనాయకులుది.

ఈ సాయంత్రం తెర మీద తన పేరు చూసి ఆమె ఉలిక్కిపడింది.

ఆమె కుర్చీలోనే ఉంది. కానీ ఎక్కడి నుంచో, ఆమె పాస్‌వర్డ్‌తోనే ఇంకో నాగమణి లోపలికి వచ్చి ఉంది!

వచ్చిన మనిషి ఊరకే లేదు. తాళం మార్చే కమాండ్ ఒకటి రాసి సిద్ధంగా పెట్టింది. ఇక పంపడమే తరువాయి.

వెంటనే రంగనాయకులుకి ఫోన్ చేసింది. ఆయన మార్కాపురంలో ఉన్నాడు. స్టేషన్‌లో ఎవరినీ నమ్మొద్దన్నాడు. కార్డు తీసుకుని బయల్దేరమన్నాడు. మెయిన్ రోడ్డు వద్దు, క్వారీల దారిన రమ్మన్నాడు.

ఆమె అట్లాగే బయల్దేరింది.

క్వారీల దగ్గరే బొలేరో కాపు కాసి ఉంది.

రోడ్డు!

కుంటుతూ రోడ్డెక్కింది. ఎదురుగా హెడ్‌లైట్లు. కారు కీచుమని ఆగింది. అద్దం దిగింది.

రంగనాయకులు!

"ఎక్కమ్మాయ్, తొందరగా," అన్నాడు.

తలుపు తీసుకుని సీట్లో కూలబడింది. కారు దూకింది.

ఆయన అరవై దాటిన మనిషి. కనిగిరి ఆయనది. ఆ ఉపగ్రహం రేడియోకి మొదటి గీత గీసింది ఆయనే. ఆరేళ్ళ క్రితం ఇనుప సామాన్ల దుకాణదారుడి కూతురైన నాగమణిని, కాలేజీ నుంచి వచ్చిన పిల్లని, ఎదురుగా కూర్చోబెట్టుకుని పని నేర్పింది కూడా ఆయనే.

పోలీస్ స్టేషన్‌కి పోదామంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. కాసేపట్లో ఉపగ్రహం పైకి వస్తుంది, ముందు ఆ కమాండ్‌ని చెరిపెయ్యాలి అన్నాడు. నిజమే అనిపించింది. సరేనంది.

కారు తర్లుపాడు వైపు పోతోంది.

నాగమణి అద్దంలో వెనక్కి చూసింది.

బొలేరో వస్తోంది!

సార్, వాళ్ళే... అనబోయి ఆగిపోయింది.

బొలేరో తరమడం లేదు. ఓవర్‌టేక్ చెయ్యడం లేదు. ఈయన స్పీడు తగ్గిస్తే అదీ తగ్గుతోంది. పెళ్ళికొడుకు కారు వెనక చుట్టాల కారు వచ్చినట్టు, నిదానంగా వస్తోంది.

క్వారీల దారిన రమ్మన్నది ఎవరు?



తలుపు హ్యాండిల్ లాగింది. రాలేదు. లాక్!

రంగనాయకులు రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. ఎడమ చేతిలోకి మాత్రం పిస్తోలు వచ్చింది.

"ఊరకే కూర్చో అమ్మాయ్," అన్నాడు.

స్టేషన్ గేటు బార్లా తెరిచి ఉంది. వాచ్‌మన్ లేడు. గదిలో ఎవరూ లేరు. ఆమెని బయటికి రప్పించి, ఇక్కడ అందరినీ ఆయనే పంపేశాడు.

బొలేరో కొండ కిందే ఆగిపోయింది.

బయట డిష్ మూలుగుతూ తిరుగుతోంది. కనిగిరి వైపు ఆకాశంలోకి మొహం పెట్టింది.

ఉపగ్రహం వస్తోంది.

ఆమెను కన్సోల్ ముందు కుర్చీలోకి తోశాడు. మెడలోని తాడు తెంపి కార్డు లాక్కున్నాడు. ఒక సందులో తన కార్డు, ఇంకో సందులో ఆమె కార్డు. తన బొటనవేలు వేలిముద్ర అద్దం మీద నొక్కాడు.

పచ్చ లైటు.

తెర మీద ఒక్క మాట మిగిలింది. రెండో వేలిముద్ర.

"పెట్టు," అన్నాడు.

నాగమణి బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి బిగించింది.

ఆయన ఆ పిడికిలి విప్పబోయాడు. రాలేదు. పిస్తోలు పక్కన పెడితే తప్ప రెండు చేతులు రావు. పక్కన పెట్టే ధైర్యం లేదు. మళ్ళీ లాగాడు. ఆమె మణికట్టు మీద గోళ్ళు దిగాయి. పిడికిలి మాత్రం విడలేదు.

ఆ పెనుగులాటలో ఆమె ఎడమకాలు బల్ల కింద ఏదో వెతికింది.

దొరికింది. మైకు పెడల్!

ఉపగ్రహం వచ్చినప్పుడల్లా మంచుకొండల్లోని సైనిక పోస్టులతో ఒకసారి మాట్లాడి చూడటం ఆమె పని. కార్డు లోపల ఉంటే చాలు, పెడల్ తొక్కితే ముందున్న మైకు తెరుచుకుంటుంది.

తొక్కింది. అట్లాగే తొక్కి పట్టింది.

అవతల ఎవరైనా వింటున్నారా? తెలియదు. జవాబు వినాలంటే కాలు ఎత్తాలి. ఎత్తితే ఆయన మాట పైకి పోదు.

ఎత్తలేదు.

"ఎవరికి అమ్మినారు సార్?" అంది.

"నీకెందుకు?"

"ఆరేండ్లు మీ ముందర కూర్చొని నేర్చుకున్నా. ఆ మాత్రం చెప్పరా?"

రంగనాయకులు నవ్వాడు. ఎన్నాళ్ళుగానో లోపల కుళ్ళుతున్నది బయటికి వచ్చింది. ఈ రేడియో గీసింది తాను. ప్రయోగం రోజు వేదిక మీద దండలు పడింది వేరేవాళ్ళకి. తన కుర్చీ ఆఖరి వరసలో వేశారు. అప్పుడు ఎవడూ గుర్తించని తన తెలివికి, సరిహద్దు అవతలివాడు విలువ కట్టాడు. అంతే.

"ఈ కమాండ్ పోతే పాత తాళం సచ్చిపోద్ది. కొత్త తాళం వాళ్ళ చేతుల్లో ఉంటది. ఏ బంకర్‌లో ఎవడు మాట్లాడినా వాళ్ళు వింటారు. నీ పాస్‌వర్డ్‌తో లోపలికొచ్చింది కూడా నేనే. రేపు అందరూ నీ పేరే చెప్తారు. ఇప్పుడు వేలు పెట్టు."

"పెట్టను."

ఆయన ఫోన్ తీశాడు. స్పీకర్ పెట్టాడు.

మోగింది... ఎత్తారు. మార్కాపురం బజారు రొద. అందులో ఆమె నాయన రామలింగయ్య గొంతు.

దుకాణం ముందు హెల్మెట్ తియ్యకుండా ఒకడు నిలబడి ఉన్నాడు చూడమన్నాడు రంగనాయకులు. వాడి జేబులో కత్తి ఉందన్నాడు. కూతురు ఒక్క వేలు పెడితే వాడు వెళ్ళిపోతాడన్నాడు.



నాగమణి ఫోన్ వైపు వంగింది.  పెడల్ మీద కాలు మాత్రం తియ్యలేదు.

"నాగమణీ..." అన్నాడు రామలింగయ్య. "నువ్వు జేసేది తప్పయితే ఆపు తల్లీ. తప్పు కాకపోతే నాకోసం ఆపబాక."

ఆ వెంటనే ఆయన గొంతు చించుకుని బజారంతటినీ పిలిచాడు. దుకాణం ముందు కత్తితో దొంగ ఉన్నాడని అరిచాడు. పళ్ళెమో బకెట్టో పడ్డ చప్పుడు. షట్టరు దభాలున పడింది. పదిమంది గొంతులు. పట్టుకోండ్రా అని ఎవరో... ఎవడిదో ఏడుపు...

ఫోన్ కట్టయింది.

రంగనాయకులు మొహం పాలిపోయింది.

తెర మీద ఉపగ్రహం గీత ఉత్తరానికి వంగుతోంది. ఇంకాసేపు ఉంటే దిగిపోతుంది.

తలుపు దగ్గరికి పోయి కిందికి కేక పెట్టాడు. పైకి రారా, దీని వేలు విరిచి పెట్టిద్దాం అన్నాడు. బూట్ల చప్పుడు... బొలేరోవాడు పరుగున ఎక్కి వచ్చాడు. తడిసిన ప్యాంటుతో గుమ్మంలో నిలబడ్డాడు.

నాగమణి వాడిని చూసింది. రంగనాయకులుని చూసింది.

కాలు ఎత్తింది.

గరగర...

ఏమీ లేదు.

మళ్ళీ గరగర...

"అక్కా!"

ముగ్గురూ కొయ్యబారిపోయారు.

స్పీకర్లోంచి ఒక కుర్రగొంతు. వెనక హోరుమని గాలి.

"అక్కా, నాది గిద్దలూరు. పోస్టులో డ్యూటీలో ఉండా. ఆయన చెప్పిందంతా ఇన్నాం. మా మేజర్ సాబుకు నేనే తెలుగులోంచి చెప్పినా. అంతా రికార్డ్ అయింది. మీకాడికి పోలీసోళ్ళు బయల్దేరినారు. వేలు మాత్రం పెట్టబాక!"

గుమ్మంలో ఉన్నవాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు. గిర్రున తిరిగి కొండ కిందికి పరుగెత్తాడు.

రంగనాయకులు చెయ్యి లేచింది. పిస్తోలు నాగమణి నుదుటికి గురిపెట్టాడు. 

ఆమె లేవలేదు. కళ్ళు దించలేదు. కాలు మళ్ళీ పెడల్ మీద వేసింది.

"కాల్చండి సార్. ఆ చప్పుడు కూడా ఇంటారు."

ఢాం!

ఆఖరి క్షణంలో పిస్తోలు పక్కకి తిప్పేశాడు. స్పీకర్ ముక్కలై ఎగిరింది. గదినిండా పొగ.

తెర మీద ఉపగ్రహం గీత అంచు దాటింది. దిగిపోయింది. కమాండ్ అక్కడే ఉండిపోయింది, రెండో వేలిముద్ర కోసం చూస్తూ.

కొండ కింద బొలేరో స్టార్టయింది. దూరమైపోయింది.

రంగనాయకులు ఆ చప్పుడు ఆగిపోయేదాకా విన్నాడు. భుజాలు జారిపోయాయి.

నాగమణి పిడికిలి విప్పింది. వేళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి. ఆ చెయ్యే ఆయన ముందుకి చాపింది.

"ఇటియ్యండి సార్."

పిస్తోలు ఇచ్చేశాడు.