ఖాళీనీళ్ళు

నీళ్ళలో ఉప్పు కొలిచే మీటరు సున్నా చూపించాక మణెమ్మ తలూపింది. పద్దెనిమిదో అంతస్తు అరుగు మీద నిలబడ్డ నలుగురూ గడలు పైకి లేపారు. గడ లోపల సన్నటి గొట్టం, కొసన కుంచె, కుంచె పక్కన కిందివాళ్ళకు అద్దం చూపించే చిన్న కన్ను. ఎవరి డబ్బాలోంచి వాళ్ళ గొట్టంలోకి వచ్చేవి ఖాళీనీళ్ళు. ఉప్పూ సున్నమూ సమస్తం తీసేసిన నీళ్ళు కాబట్టి అద్దాన్ని తడిపి వదిలేస్తే చాలు, మరక లేకుండా వాటంతటవే ఆరిపోతాయి. గుడ్డతో తుడిచే పని లేదు. మనిషి అద్దం దాకా వెళ్ళే పనీ లేదు.

ఊపిరిమేడ అద్దాలను పదిరోజులకోసారి కడగకపోతే ధూళి పేరుకుని ఎండ ఆగిపోతుంది. ఎండ ఆగితే కరెంటు తగ్గి, లోపల ఉన్న మూడువేల మందికి గాలి వడకట్టే యంత్రాలు నీరసిస్తాయి. అందుకే మేడగుమాస్తా ఒక్కో అద్దం మీదా కన్నేసి ఉంచుతుంది. గుమాస్తా అంటే మనిషి కాదు, గోడల్లోంచి మాట్లాడే యంత్రం. దానికి తొందర ఎక్కువ, మొహమాటం తక్కువ.

ఇరవై ఏళ్ళు ఈ పని తాళ్ళ మీదే నడిచింది. కిందటేడు మణెమ్మ భర్త కేశవులు తాడు తెగి కింద పడి చనిపోయాడు. అప్పటినుంచి ఈ పనికి యజమాని ఆమే. ఇక ఎవరూ గాలిలో వేలాడకూడదని ఆమె పట్టుబట్టి గడలు తెప్పించింది. నిన్న సాయంత్రం పనివాళ్ళ తాడు అనుమతులన్నీ గుమాస్తా రద్దు చేసింది. నలుగురిలో ముగ్గురు హమ్మయ్య అనుకున్నారు.

నాలుగోవాడు లింబాద్రి. అతని కూతురు నీలవేణి ఇరవైరెండో అంతస్తులో, తూర్పు గదిలో నాలుగేళ్ళుగా ఉంటోంది. ధూళి తినేసిన ఊపిరితిత్తులు. లోపలికి ఎవరినీ రానివ్వరు, గొంతులో గొట్టం వల్ల ఆ పిల్లకు ఫోనులో మాట్లాడటం కుదరదు. తాడు మీద దిగేవాళ్ళకు ఒక అలవాటు ఉండేది. లోపలివాళ్ళు ఉలిక్కిపడకుండా, నీళ్ళు చల్లేముందు అద్దం మీద రెండుసార్లు తట్టేవారు. నీలవేణి తిరిగి తట్టేది. ఆ తర్వాత ఇటు తండ్రి అరచేయి, అటు కూతురి అరచేయి అద్దానికి ఆనేవి. ఒక్క అద్దానికి గుమాస్తా ఇచ్చే సమయం నాలుగు నిమిషాలు. పదిరోజులకోసారి ఆ తండ్రీకూతుళ్ళకు దక్కింది అంతే.

గడలు కొంటున్నప్పుడు మణెమ్మకు ఈ సంగతి తెలుసు. తెలిసే కొంది.

పదకొండింటికి గుమాస్తా గొంతు వినిపించింది. ఇరవైరెండు తూర్పు, ఏడో అద్దం మీద తెల్లమరకలు తేలాయనీ, అక్కడ గడ విఫలమైందనీ అంది, కారణం చెప్పమంది. మణెమ్మ నేరుగా లింబాద్రి దగ్గరికి వెళ్ళి, అతని నీళ్ళడబ్బా మూత తీసి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఖాళీనీళ్ళకు రుచే ఉండదు. ఇవి కుళాయిలోంచి పట్టిన నల్లానీళ్ళు.

ఆమెకు ఒళ్ళు మండింది. ఒక మనిషిని మట్టిలో పెట్టి తెచ్చుకున్న పనిముట్టును పాడుచేసినందుకు నోటికొచ్చినట్టు తిట్టింది. లింబాద్రి తలొంచుకుని అన్నీ పడ్డాడు.

"పొద్దున గడ కన్నుల చూసిన వదినె," అన్నాడు చివరికి. "కుంచె తగిలిన సప్పుడు ఇని బిడ్డ లేచొచ్చింది. రెండుసార్లు తట్టింది. మల్ల తట్టింది. కుంచె ఏం తడ్తది? నేను రాలేదనుకున్నది. అప్పుడే నల్లా దగ్గరికి పోయిన. మరకపడితే మనిషిని పంపుతరు కదా అని."

మణెమ్మ దగ్గర తిట్లు అయిపోయాయి. ఆమెకు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

గుమాస్తా మళ్ళీ కారణం అడిగింది. నీళ్ళు కల్తీ చేసినవాణ్ణి మేడ ఛాయలకు కూడా రానివ్వరని అరుగు మీద అందరికీ తెలుసు. నీళ్ళు పరీక్షించాల్సింది తనేననీ, తప్పు తనదేననీ మణెమ్మ చెప్పింది. ఆ అద్దానికి తాడు కావాలంది.

యజమాని బాధ్యత మీద పది రోజులకోసారి ఒక్క మనిషిని తాడు మీద దింపవచ్చునని గుమాస్తా లెక్క తేల్చింది. దిగే మనిషికి పైనుంచి రెండో తాడు పట్టేవాళ్ళు ఉండాలి. వాళ్ళ పేరు చెప్పమంది. మిగతా ముగ్గురి అనుమతులూ పోయాయి. మిగిలి ఉన్నది యజమాని అనుమతి ఒక్కటే.

"మణెమ్మ," అని ఆమె తన పేరే చెప్పింది.

"ఆ పేరు మీద ఒక మరణం నమోదై ఉంది. ధ్రువీకరిస్తారా?" అని అడిగింది గుమాస్తా.

ఆ రోజు మొదటి తాడు తెగినప్పుడు రెండో తాడు ఆమె చేతుల్లోనే ఉంది. బిగింపు జారింది, తాడు అరచేతుల్లోంచి దూసుకుపోయింది. చర్మమంతా ఊడింది కానీ కేశవులు ఆగలేదు. ఆ తర్వాత ఆమె బట్టలారేసే తాడు కూడా ముట్టుకోలేదు.

"వద్దు వదినె," అన్నాడు లింబాద్రి.

"ధ్రువీకరిస్తున్న," అంది మణెమ్మ.

మనిషి తాడు మీద దిగే వైపు మరే పనీ నడవకూడదన్నది గుమాస్తాకు నేర్పిన పాత నియమం. తూర్పు వైపు గడలన్నిటిలో నీళ్ళు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆలస్యమవుతున్న నిమిషాలను అది గట్టిగా చదవసాగింది. ఎవరూ పట్టించుకోలేదు. అందరూ ఇరవైనాలుగో అంతస్తు అరుగు మీదికి ఎక్కారు. మణెమ్మ బిగింపును మూడుసార్లు లాగి చూసి తాడు అందుకుంది. లింబాద్రి అంచు దాటేముందు ఆమె ముఖంలోకి చూశాడు.

"దిగు," అంది ఆమె. "నాలుగు నిమిషాలు అయిపోయినయని ఎవరన్నా అంటే నువ్వు ఇనకు. నేను పట్టుకునే ఉంట."