పలుపుతో సహా

ఆ శనివారం నేను చెయ్యవలసిన పనులు, మా నానమ్మ చెప్పిన వరసలోనే రాస్తున్నాను.

తాతకి ఉతికిన చొక్కా తొడగాలి. ఆయన కోటు జేబులోంచి పశువుల పలుపు తీసేయాలి. రెండో జేబులోంచి సారా సీసా తీసేయాలి. పోజెగా ఊళ్ళో కార్ల షోరూముకి వెళ్ళి, డిక్కీలో దూడ పట్టే చిన్న వ్యాగన్ కారు ఒకటి, కొత్తది, కొనాలి. పదిహేను వేల ఐదువందల యూరోలకి ఒక్క సెంటు దాటకూడదు. చలికాలం టైర్లకని రుమాల్లో విడిగా కట్టిన ఐదువందలు ముట్టుకోకూడదు. బండి నచ్చినా నచ్చినట్టు కనబడకూడదు, ముఖ్యంగా నవ్వకూడదు. తాతని బేరం ఆడనివ్వకూడదు.

వీటన్నిటిలో నేను సక్రమంగా చేసింది చొక్కా ఒక్కటే.

మా ఇంట్లో అందరూ పశువుల్ని కొన్నవాళ్ళే, అమ్మినవాళ్ళే. వాటికి వైద్యం చదివినవాణ్ణి నేనే మొదట. కొండల మీది ఊళ్ళకి తిరిగే పశువుల డాక్టరు ఉద్యోగం సోమవారం మొదలు. సొంత బండి ఉండాలన్నది షరతు. డబ్బు అమ్మానాన్నల రాస్ప్‌బెర్రీ తోటది. బేరం మాత్రం నాది. ఎందుకంటే, "రెల్యా చదువుకున్నాడు కదా," అన్నారు అందరూ. ఏ పుస్తకంలో బేరం పాఠం ఉందో ఎవరూ చెప్పలేదు.

పాఠం తెలిసినవాడు మా తాత వితోమీర్. పశువుల సంతలో దళారి. అమ్మేవాడి కుడిచేతినీ కొనేవాడి కుడిచేతినీ కలిపి, పైన తన చెయ్యి వేసి, నూతిలో బొక్కెన ఊపినట్టు ఊపేవాడు. ధర కుదిరేదాకా వదిలేది లేదు. కుదిరాక ఆ కలిసిన చేతుల మీద అరచేతి అంచుతో గొడ్డలి వేటు లాంటిది ఒకటి వేస్తాడు. చేతులు విడిపోతాయి, బేరం ఖాయం. ఆయన కలిపిన చేతులు బేరం కుదరకుండా విడిపోయిన రోజు లేదని సంతంతా చెప్పుకునేది. తర్వాత సంత మూతపడింది. తాతని ఎవరూ దేనికీ పిలవడం మానేశారు. టీవీలో వార్తలు చదివే ఆవిడ గోధుమల ధర చెబితే, "ఇంకో రెండు తగ్గించు," అని ఇంట్లో కూర్చుని ఆమెతోనే బేరమాడేవాడు.

షోరూములో పసుపుపచ్చ వ్యాగన్ ఒకటి ఉంది. చూడగానే నా గుండె దాని డిక్కీలో పడింది. మొహం గంటుపెట్టుకున్నాను.

తాత బానెట్ ఎత్తించి లోపలికి తొంగి చూశాడు. పళ్ళు చూస్తున్నానన్నాడు. పక్కన ఒక చరుపు చరిచాడు. వెనకవైపు మాత్రం నిలబడలేదు, తంతుందేమోనని. అక్కడున్న సేల్స్ అమ్మాయిని దాని వయసెంతని అడిగాడు. కొత్తదండీ తాతగారూ, ఇంకా రోడ్డే ఎక్కలేదు అంది. అందరూ అలాగే అంటారన్నాడు.

ఇక నా వంతు. బండికి ఒక వంక పెట్టాలి కాబట్టి పెట్టాను.

"రంగు బాగోలేదు. కామెర్లొచ్చిన దూడ కన్నులా ఉంది."

ఆ అమ్మాయి నన్ను కింది నుంచి పైకి చూసింది. "అది దున్యా పండు రంగండీ," అంది. కోటు మీది పేరు బిళ్ళని వేలితో నావైపు తిప్పింది. దున్యా అని ఉంది.

మా వైపు చలికాలం ముందు ఆ పళ్ళని అలమారా మీద పేర్చుకుంటాం, గదంతా ఘుమఘుమలాడుతుంది. మమకారం ఉన్నవాళ్ళు కూతుళ్ళకి ఆ పేరు పెడతారు. అంటే నేను ఒక్క మాటతో బండినీ, పిల్లనీ, వాళ్ళ అమ్మానాన్నల్నీ తిట్టానన్నమాట. క్షమించమని నవ్వుదామంటే నానమ్మ వద్దంది. నవ్వకుండా క్షమాపణ ఎలా చెబుతారో నాకు రాదు.

"మీకు ఒంట్లో బాగోలేదా?" అని అడిగింది దున్యా.

"బేరం ఆడుతున్నాను," అన్నాను.

ఆమె పదిహేడు వేలంది. నేను పదిహేనన్నాను. ఆమె రబ్బరు పట్టాల గురించి, నేను డిక్కీ తాళం గురించి కాసేపు వాదించుకున్నాం. ఆమె పదహారు దగ్గర ఆగిపోయింది. నేను పదిహేనున్నర దగ్గర. మా మధ్య ఐదువందలు గోడలా నిలబడ్డాయి.

"అయితే దయచెయ్యండి," అంది.

"దయచేస్తున్నాం," అని తిరిగాను.

అప్పుడు తాత నా కుడిచెయ్యి పట్టుకున్నాడు. ఇంకో చేత్తో ఆమె కుడిచెయ్యి. రెండూ కలిపాడు. పైన తన చెయ్యి వేశాడు. అది ఉడుం పట్టు.

"తాతగారూ, ఏం చేస్తున్నారు?"

"బేరం, అమ్మాయీ. ఇప్పటిదాకా మీరు చేసింది కబుర్లు. ముందు వదిలినవాళ్ళు ఓడినట్టు."

నానమ్మ మాట నాకు గుర్తుంది. కానీ తాత కళ్ళు చూశాను. సంత మూతపడ్డాక వాటిలో ఆ వెలుగు నేను మళ్ళీ చూడలేదు. నేను చెయ్యి లాక్కుంటే ఆయన పేరు అక్కడే పోతుంది. ఆ సంగతి దున్యాకి గుసగుసగా చెప్పాను. మీరు వదిలినా తప్పులేదు, ఓడినట్టంతే అన్నాను.

ఆమె పట్టు బిగించింది. "మా ఇంట్లో ఎవరికీ ఓడే అలవాటు లేదు," అంది.

తర్వాత గంటసేపు ఆ షోరూములో ఏం జరిగిందో చెబితే నమ్మరు. తాత ఊపుతూనే ఉన్నాడు. అంకెలు కదల్లేదు. దున్యాకి ఫోనొస్తే నేను ఎడమచేత్తో ఆమె చెవి దగ్గర పట్టుకున్నాను. కాఫీలు వచ్చాయి. నేను చక్కెర వేస్తే ఆమె కలిపింది. ఒక పెద్దావిడ మా చేతులు చూసి, కొత్తగా పెళ్ళయిందా అని అడిగింది. నేను కాదనేలోపు తాత, "ఇంకా ధర కుదరలేదు," అన్నాడు. ఆవిడ జాలిగా తలూపి వెళ్ళిపోయింది. అద్దాల గదిలోంచి యజమాని బ్లాగోయె గారు మెడ సాచి చూస్తున్నాడు.

చివరికి తాత, నడిపించి చూడకుండా గొడ్డునైనా ఎవడు కొంటాడని అన్నాడు. బండి నడపాల్సిందే, చేతులు విడిపోకుండా.

ఇద్దరం ఒకే తలుపులోంచి ఎక్కాం. నేను గేరు కర్ర మీంచి దొర్లి ఎడమవైపు స్టీరింగ్ ముందు పడ్డాను. ఆమె నా వెనకే వచ్చి పక్కసీట్లో నావైపు తిరిగి కూర్చుంది. తాత వెనకసీటెక్కి, మా మధ్య గడ్డం ఆనించాడు. మా దేశంలో గేరు కుడిచేత్తో వెయ్యాలి. ఆ కుడిచేతిలో దున్యా ఉంది. మొదటి గేరు కలిసి వేశాం. బండి ఒక్క గెంతు గెంతింది.

"కోడెదూడే," అన్నాడు తాత సంతోషంగా.

మార్కెట్ వీధి దాటేసరికి వాన మొదలైంది. అద్దం తుడిచే మీట స్టీరింగుకి కుడిపక్క. నాకు మిగిలింది ఎడమచెయ్యి. దున్యా తన ఎడమచెయ్యి నా ముందునుంచి చాపి మీట తిప్పింది. ఆమె జుట్టు నా చెవికి తగిలింది. అద్దం తుడుచుకుంది, నాకు మాత్రం కాసేపు ఏమీ కనబడలేదు.

"రోడ్డు అటు," అంది, అటే చూస్తూ.

నది వంతెన మీద వెనకనుంచి గురక వినబడింది. తాత గడ్డం జారిపోయి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

"ఇప్పుడు వదిలెయ్యొచ్చు," అన్నాను.

"వదిలెయ్యొచ్చు," అంది.

మూడో గేరు వెయ్యాల్సిన చోటొచ్చింది. కలిసే వేశాం.

అప్పుడు చెప్పింది. చేరినప్పటినుంచి ఇంకా ఒక్క బండీ అమ్మలేదట. పదహారు వేలకి తగ్గకుండా ఇవాళ ఒక్కటైనా అమ్మకపోతే, సోమవారం నుంచి రానక్కర్లేదన్నాడట బ్లాగోయె గారు. అంతకుముందు శీతల గిడ్డంగిలో రాస్ప్‌బెర్రీలు ఏరేదట. మళ్ళీ అక్కడికే పోవాలి. మాదీ రాస్ప్‌బెర్రీ తోటే అన్నాను. మీ తోట పళ్ళు కూడా ఏరే ఉంటానంది. ఆ మాటకి నానమ్మ నియమం తప్పి నవ్వేశాను.

"నవ్వుతారా మీరు?"

"నవ్వితే ధర పెరుగుతుందన్నారు," అన్నాను. రుమాల్లోని టైర్ల డబ్బు సంగతి, సోమవారం ఉద్యోగం సంగతి చెప్పాను. కామెర్ల మాటకి క్షమించమని కూడా అడిగాను. తను నా చేతిని ఒక్కసారి నొక్కింది. బహుశా గేరు కోసం అయి ఉండాలని నాకు నేను చెప్పుకున్నాను. అప్పటికి మేం ఎర్రదీపం దగ్గర ఆగి ఉన్నాం.

షోరూముకి తిరిగొచ్చి, దిగి, తాతని లేపాం. ఆయన చెయ్యి మళ్ళీ మా చేతుల మీదికొచ్చింది. అసలు గొడవ అప్పుడు మొదలైంది.

"పదహారు వేలు ఇస్తాను," అన్నాను.

"వద్దు. పదిహేనున్నరకే ఇస్తాను," అంది.

తాత ఊపడం ఆపాడు.

"టైర్ల డబ్బు నాకు అక్కర్లేదు. చలికాలం నెమ్మదిగా నడుపుతాను."

"కొండ దారిలో మంచు మీద నెమ్మదిగా లోయలోకి జారతావు. పదిహేను వేలు."

నన్ను నువ్వు అనేసింది. ఆ ఆనందంలో పదహారున్నర అన్నాను. నీ దగ్గర లేవు కదా అంది. అప్పు చేస్తానన్నాను. అయితే పద్నాలుగున్నర అంది. పదహారుకి తగ్గితే మీ యజమాని నీ ఉద్యోగం తీసేస్తాడు, నువ్వు మళ్ళీ ఆ గిడ్డంగిలో చలికి వణుకుతుంటే నేను ఈ బండిలో తిరగలేనన్నాను. నువ్వు లోయలో పడితే నేనిక్కడ కాఫీ తాగలేనంది. ఇద్దరం గట్టిగా పోట్లాడుకుంటున్నాం.

"ఆగండి," అన్నాడు తాత. "మీ ఇద్దర్లో అమ్మేదెవరు, కొనేదెవరు?"

బ్లాగోయె గారు పరుగున వచ్చాడు. అబ్బాయి పదహారున్నర అన్నాడు కదా, ఇచ్చెయ్యమ్మా అన్నాడు.

"నీ చెయ్యి ఇందులో లేదు బ్లాగోయె. నోరెందుకు?" అన్నాడు తాత.

బ్లాగోయె గారు మా చేతులు విడదీద్దామని తన చెయ్యి చాపాడు. అదే పొరపాటు. తాత ఎడమచేత్తో దాన్ని పట్టేసుకున్నాడు. బ్లాగోయె గారు లాగాడు. ఇంకా లాగాడు. ఆయన కాళ్ళే జారాయి గానీ చెయ్యి రాలేదు.

"రెల్యా, నా జేబులో పలుపు తియ్యి," అన్నాడు తాత.

నేను పొద్దున తీసెయ్యవలసిన పలుపు. తీశాను.

"మీ నాన్న సంతలో ఆవుల్ని అమ్మేవాడు కదూ?" బ్లాగోయెని అడిగాడు. "పలుపు లేకుండా అమ్మాడా ఎప్పుడైనా?"

"లేదు," అన్నాడు బ్లాగోయె గారు, ఇష్టం లేకుండానే.

"ఏం?"

"దార్లో తెంపుకుని పోతుంది. అమ్మినవాడికే చెడ్డపేరు."

"మరి ఈ బండిని మంచులో దారి తప్పకుండా పట్టి ఉంచేదేమిటి?"

బ్లాగోయె గారు పలుపు వంక చూశాడు. బయట వాన వంక చూశాడు. "చలికాలం టైర్లు," అన్నాడు, గొంతు తగ్గించి. వెంటనే తేరుకుని, అవి వేరే సరుకన్నాడు.

"పలుపూ వేరే సరుకే," అన్నాడు తాత. "నువ్వు చెప్పిన పదహారు వేలూ నీకు. అమ్మాయి ఉద్యోగం అమ్మాయికి. టైర్లు బండికి. పలుపుతో సహా."

అప్పటికే చుట్టూ జనం చేరారు. ఇందాకటి పెద్దావిడ కూడా మళ్ళీ వచ్చి నిలబడింది. ధర్మమే కదా అంది ఆవిడ.

"ముందు నా చెయ్యి వదులు," అన్నాడు బ్లాగోయె గారు. "టైర్లు తీసుకుపొండి."

తాత ఆయన్ని వదిలేశాడు. తర్వాత కుడి అరచెయ్యి పైకెత్తి, మా చేతుల మీద వేటు వేశాడు. బేరం ఖాయం.

చేతులు విడిపోలేదు.

తాత మళ్ళీ వేశాడు, కాస్త గట్టిగా. మేం నేల వంక చూస్తున్నాం. ముచ్చటగా మూడోసారి కూడా వేసి, తన అరచేతిని తిప్పి చూసుకున్నాడు, అంచు మొద్దుబారిందేమోనని. తర్వాత మా మొహాలు చూశాడు.

"ఇది నేను కొట్టే బేరం కాదు," అని, రెండో జేబులోంచి ప్లమ్ సారా సీసా తీశాడు.

"సోమవారం మొదటి ఊరు కొండ మీద," అన్నాను దున్యాతో. "నాకిప్పుడు ఒంటిచేత్తో గేరు వెయ్యడం రాదు."

"సోమవారం నాకు ఉద్యోగం ఉంది," అంది. కాస్త ఆగి, "ఆదివారం నేర్పిస్తాను. తొందరగా నేర్చుకోకు," అంది.

తాత ఒక గుక్క తాగి సీసా ఆమె ఎడమచేతికిచ్చాడు. "తీసుకో, మనవరాలా," అన్నాడు. ఇంట్లో నానమ్మకి టైర్ల సంగతి ముందు చెప్పాం, చెయ్యి సంగతి తర్వాత. ఆవిడ ఖాళీ రుమాలు దులిపి మడిచి, ఇక పెళ్ళి ఖర్చుకి ఇందులోనే కూడబెడతానంది.

ఆ బండి ఇంకా ఉంది. డిక్కీలో చాలా దూడలే ప్రయాణం చేశాయి. మంచులో ఒక్కసారీ జారలేదు. ముందు అద్దానికి తాత పలుపు వేలాడుతోంది. తాత కిందటి వసంతంలో పోయాడు. ఆఖరి రోజున కూడా నా చేతినీ దున్యా చేతినీ పట్టుకుని కలిపాడు. మెల్లగా ఊపాడు. వేటు మాత్రం వెయ్యలేదు.

మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఎప్పుడైనా ఏదైనా కొని, అమ్మినవాళ్ళతో చెయ్యి కలిపితే వెంటనే వదలకండి. ఒక్క క్షణం ఆగి, మా తాత వితోమీర్‌ని తలుచుకోండి. తర్వాత వదలాలో వద్దో మీ ఇష్టం.