రెండు గొంతుల మధ్య బాంబు

"మైకు స్టాండులో బాంబుంది. ముట్టుకుంటే పేలుతుంది," అన్నాడు కల్నల్ తానెవ్, జున్ను కూరిన బనిత్సా రొట్టె ముక్క కొరుకుతూ. "పాట ఆగితే ప్రేక్షకుల్లో ఉన్న ముఠా మనిషి స్విచ్ నొక్కుతాడు."

"పాట సాగితే, సార్?"

"అప్పుడూ పేలుతుందట. ఎలాగో రుమ్యానాకు తెలుసు."

ఏజెంటు గెరోవ్‌కు ఒళ్లు మండింది. రుమ్యానా నిన్నమొన్నటి దాకా ఆ విదేశీ ముఠాలో పనిచేసి, ఇప్పుడు మనవైపు వచ్చానంటున్న అందగత్తె. ఆమె మాట అతనికి ఏనాడూ మింగుడుపడలేదు. ఈ మధ్యాహ్నం సోఫియా నగర సభామందిరంలో ఆ మైకు ముందు పాడబోయేది, అతన్ని పెంచి పెద్దచేసిన స్టోయ్నా బామ్మ.

వెయిటర్ వేషంలో, ట్రే మీది తువాలు కింద పిస్తోలుతో, గెరోవ్ తెర వెనక్కి వెళ్లాడు. కుట్టుపని అంచుల గౌనులో రుమ్యానా మెరిసిపోతోంది.

"మీ పల్లెపాటలో రెండు గొంతులు పక్కపక్క స్వరాలు పట్టుకుంటాయిగా," అంది మెల్లగా. "రెండు అలలూ ఒకసారి కలిసి ఉబ్బుతాయి, మరుక్షణం ఒకదాన్నొకటి మింగేస్తాయి. అప్పుడు గంట మోగినట్టు ఓ అదురు పుడుతుంది. ఒక గుక్కసేపు అది నిలిచిందా, అంతే, బాంబు పేలుతుంది!"

"రెండో గొంతు ఎవరిది?"

"నాదే."

"ముందే ఏడవొచ్చుగా!"

"చెబితే నమ్మేవారా, ఏజెంటు గారూ?"

"బామ్మ పట్టిన స్వరమే నువ్వూ పట్టు. రెండు అలలూ ఒకటే అయితే అదురు పుట్టదు."

"అలా పాడితే మీ బామ్మ నన్ను చంపేస్తుంది."

"పాడకపోతే నేను చంపుతాను."

ఆమె వేదికెక్కింది. గెరోవ్ ట్రే పట్టుకుని ప్రేక్షకుల మధ్యకు వెళ్లాడు.

బామ్మ ఎత్తుకుంది. రుమ్యానా అందుకుంది, పక్క స్వరంలో! హాలంతా గంటలా అదిరింది. ద్రోహి, అనుకున్నాడు గెరోవ్. కాల్చితే పాట ఆగుతుంది, స్విచ్ పడుతుంది. తువాలు కింద పిస్తోలు పట్టుకుని బామ్మ వైపే చూస్తూ నిలబడ్డాడు.

గుక్క పూర్తికాకముందే రుమ్యానా గొంతు బామ్మ స్వరం వైపు జారింది. అదురు నెమ్మదించి, ఇంకా నెమ్మదించి, పూర్తిగా ఆగిపోయింది.

ఇద్దరూ ఒకే స్వరం! ఊరి పెళ్లిలోనైనా ఇలాంటి తప్పు ఎవరూ క్షమించరు. జనమంతా రుమ్యానాను ఈసడింపుగా చూశారు. బూడిదరంగు సూటు వేసుకున్న ఒక్కడు మాత్రం ఇంకా పేలలేదేమిటన్నట్టు మైకు వైపు చూశాడు. అతని చెయ్యి జేబులోకి వెళ్తుండగా గెరోవ్ ట్రే విసిరేసి, ఆ మణికట్టు విరిగేలా పట్టుకున్నాడు.

బాంబు తీసేశాక, ఆ మనిషిని బయటపెట్టడానికే ఆమె మొదట పక్క స్వరం పట్టిందని తెలిసి, గెరోవ్ రుమ్యానాకు క్షమాపణ చెప్పి, బామ్మకు జరిగిందంతా వివరించాడు.

"నీ ప్రాణం కాపాడిందే, బామ్మా!"

బామ్మ రుమ్యానాను ఎగాదిగా చూసింది.

"ప్రాణం కాపాడితే కాపాడిందిలేరా. పరువు తీసిందిగా!"