అక్క పేరుతో లాగిన్

పిచ్చుక దేనికీ భయపడదని గూఢచారి డిపార్ట్‌మెంటులో పేరు. అది నిజం కాదు. "నాన్న ఎప్పుడొస్తాడు?" అని కూతురు అడిగితే "ఇక రాడమ్మా" అని చెప్పాల్సి రావడమే ఆమె భయం.

ఆ రోజు ఇవాళే అయ్యేలా ఉంది.

బయట బోర్డు టైల్స్ కంపెనీది. లోపల చీఫ్ గోడమీది స్క్రీన్ చూపించారు. సరిహద్దు అవతల ఒక వీధి, వీధి మొదట్లో నల్ల వ్యాన్.

"పచ్చ గేటింట్లో మీ ఆయన ఉన్నాడు. వ్యాన్‌లో ఉన్నది మన ఏజెంట్లని వేటాడే ముఠా. ఏ ఇల్లో వాళ్లకి తెలీదు. ఇల్లిల్లూ గాలిస్తున్నారు."

"ఆయనకి కొత్త ఇంటి అడ్రస్ పంపలేదా సార్?"

"పంపాల్సింది రిపోర్టు. పొద్దున్నుంచీ మొరాయిస్తోంది."

ఏజెంటు ఆ రోజు ఏ ఇంటికి మారాలో డేటాబేస్ నుంచి తీసి, అతని ఫోన్‌కి కోడ్‌లో పంపే రిపోర్టు అది. తెరిస్తే ఒకటే మాట: డేటాబేస్ లాగిన్ విఫలమైంది.

"పాస్‌వర్డ్ తప్పు కొట్టావేమో చూడు తల్లీ" అన్నాడు సర్వర్లు చూసే పెద్దాయన. అందరికీ ఆయన బాబాయే.

"ఇవాళ కూడా తప్పు కొడతానా బాబాయ్?"

అదే పాస్‌వర్డ్‌తో డేటాబేస్ నేరుగా తెరుచుకుంటోంది. రిపోర్టులోంచి వెళ్తేనే ముఖం మీద తలుపు వేస్తోంది. సర్వర్ పేరు సరిచూసింది. కనెక్షన్ తీసి మళ్లీ పెట్టింది. మళ్లీ అదే మాట.

"అచ్చం మా ఆవిడే. తప్పేంటో చెప్పదు, మాట్లాడటం మానేస్తుంది" అన్నాడు బాబాయ్. ఎవరూ నవ్వలేదు.

"నిన్న బాగానే వెళ్లింది కదా. తర్వాత ఏం మార్చారు?"

బాబాయ్ చీఫ్ వైపు చూశాడు. "ఒక ఖాతా మూసేశాను. అక్కది."

అక్క. ఎర్రటి లిప్‌స్టిక్, దాని మూతలో కెమెరా, శత్రు అధికారుల పార్టీల్లో నవ్వులు. పిచ్చుకకు పని నేర్పింది ఆవిడే, పురిటి గదిలో చేయి పట్టుకున్నదీ ఆవిడే. ముఠాకి మన ఇళ్ల అడ్రస్‌లు అమ్ముతోందని తేల్చి, మొన్న చీఫే కాల్పించారు.

పిచ్చుక రిపోర్టు డిజైన్ తెరిచింది. అడుగున ఖాళీగా కనిపించే తెల్ల పట్టీ. దాని మీద నొక్కితే లోపల ఇంకో చిన్న రిపోర్టు, దానికి వేరే లాగిన్.

"పెద్దది నా పేరుతో వెళ్తోంది సార్. దీని కడుపులో ఉన్న చిన్నది అక్క పేరుతో వెళ్తోంది. దానికి దారి మూసేసరికి రెండూ ఆగిపోయాయి."

"ముఠాకి అడ్రస్‌లు పోయేది దాన్లోంచేగా! పీకి పారెయ్."

"ఒక్క నిమిషం." చిన్న రిపోర్టు పంపిన పాత అడ్రస్‌లు చదివింది. "ఇవన్నీ మనవాళ్లు అప్పటికే ఖాళీ చేసిన ఇళ్లు సార్. దాడులు జరిగాయన్నారు. ఒక్క ఏజెంటైనా దొరికాడా? అక్క రోజూ ముఠాని ఖాళీ ఇళ్ల చుట్టూ తిప్పింది. ఇవాళ అడ్రస్ రాలేదు కాబట్టే ఇల్లిల్లూ వెతుకుతున్నారు."

చీఫ్ కళ్లజోడు తీశారు. "మరి నాకెందుకు చెప్పలేదు?"

"మనలోనూ ముఠా మనిషి ఎవరో ఉన్నారని అనుమానపడిందేమో. ఇప్పుడు అడగలేం కదా సార్."

స్క్రీన్ మీద ముఠా పక్కింట్లోంచి బయటికొచ్చింది.

"బాబాయ్, అక్క ఖాతా తెరువు. ఆవిడ పోయిందని వాళ్లకింకా తెలీదు."

"పోయినావిడ పేరు మీద ఎలాగమ్మా..."

"తెరువు బాబాయ్!"

ముఠాలో ఒకడు పచ్చ గేటు మీద చెయ్యి వేశాడు. రిపోర్టు కదిలింది, రెండు అడ్రస్‌లూ వెళ్లాయి. వాడు ఆగి, జేబులోంచి ఫోన్ తీసి చూశాడు. అందరూ వెనక్కి పరుగెత్తారు. వ్యాన్ ఊరి రెండో చివరనున్న ఖాళీ ఇంటి వైపు దూసుకుపోయింది. కాసేపటికి పచ్చ గేటు తెరుచుకుని, భుజాన నిచ్చెనతో రంగులు వేసే మనిషొకడు తాపీగా నడిచి వెళ్లాడు. ఆ నడక పిచ్చుకకు తెలుసు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

డిపార్ట్‌మెంటు రికార్డు ప్రకారం ఆ రోజు డ్యూటీ సరిగ్గా చేసిన ఏజెంటు ఒక్కరే. ఆవిడ మొన్ననే చనిపోయింది.

చీఫ్ అక్క ఫైలు తీసుకుని తన గదిలోకి వెళ్లి లోపల గడియ పెట్టుకున్నారు. పిచ్చుక కూతురి దగ్గరికి వెళ్లాలి. బాబాయ్ సర్వర్లు వదిలి కదలకూడదు. మీరు అటువైపు వెళ్తే ఆ తలుపు ఒకసారి తట్టండి. ఆయన పలికేదాకా తట్టండి.