ముఖం కనిపిస్తేనే హాజరు

మామూలు రోజుల్లో పొద్దున ఆ వేళకు మాదన్నపేట మండి దిక్కు నుంచి కూరగాయల బండ్ల అరుపులు చెవులు చిల్లులు పడేటట్టు వచ్చేవి. ఆ ఎండాకాలం అవి కూడా లేవు. గల్లీ మొదట్లో అడ్డంగా కట్టెలు కట్టేశారు. ఎటు చూసినా బ్లీచింగ్ వాసన. స్వరూప వంటింటి పక్క గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఆమె డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పే కాంట్రాక్టు లెక్చరర్.

కరోనా కాలంలో పాఠాలు ఎట్లా చెప్పాలో యూనివర్సిటీ వాళ్ళు ఆర్డర్ వేశారు. అంతా ఆన్‌లైనే. కెమెరా పెట్టి ముఖం చూపిస్తేనే పిల్లలకు హాజరు. ఆ ఆర్డర్ రాసిన మహానుభావుడికేం, ఏసీ గదిలో కూర్చుని రాసి ఉంటాడు. ఇల్లంతా ఒకే గదిలో సర్దుకునే పిల్లలు ఏ ముఖం చూపిస్తారు చెప్పండి? కెమెరాలు ఆపేస్తే తెర మీద మిగిలే నల్ల పెట్టెలకు పాఠం చెప్పడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అయినా స్వరూప రోజూ మొదట అదే మాట అనేది. "కెమెరాలు ఆన్ చెయ్యండి. ముఖం కనిపిస్తేనే హాజరు."

ఆమె తండ్రి ఆనందరావు ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. కిందటి వారం కరోనాతో ఆస్పత్రిలో పోయాడు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చి, తల్లీకూతుళ్ళను సమాధుల తోట గేటు బయటే నిలబెట్టి, గుంతలో దింపేశారు. "ఒక్కసారి జిప్పు తియ్యండి భయ్యా" అని స్వరూప బతిమాలింది. తియ్యలేదు. పాస్టరు గారు ఫోన్లోనే ప్రార్థన చేశారు. అప్పటి నుంచి ఆమెకు ఏడుపు లేదు, ఆకలి లేదు. ఎవరు పలకరించినా ఊ కొడుతుంది. లోపల తిరిగేది ఒక్కటే. డాడీ ముఖం చూడలేదు. ఒక్కసారి చూస్తే నమ్ముతుంది. అప్పుడు ఏడుస్తుంది.

ఆ రోజు సగటు ఎట్లా కట్టాలో చెబుతోంది. క్లాసులోకి ఎవరో రానివ్వమంటున్నట్టు గంట మోగింది. తెర మీద పేరు చూసింది. ఆనందరావు.

ఆ పేరు ఉన్న ఫోను డాడీతో ఆస్పత్రికి పోయింది, తిరిగి రాలేదు. క్లాసులు మొదలైన కొత్తలో, బిడ్డ గొంతు సరిగ్గా వినిపిస్తోందో లేదో చూద్దామని ఆయన ముందు గదిలో కూర్చుని అందులోంచే చేరేవాడు. కొట్టేసినవాడెవడో వేలు తగిలించి ఉంటాడు అనుకుంది. అనుకుంటూనే రానిచ్చింది.

నల్ల పెట్టె ఒకటి పెరిగింది. తర్వాత చప్పుడు. చరచర... ఆగింది. మళ్ళీ చరచర...

"మేడం, ఎవరిదో మైకు ఆన్ ఉంది" అంది స్రవ్య అనే విద్యార్థిని. "కవర్లు నలుపుతున్నట్టు వస్తుంది."

స్వరూప ఆ మైకు ఆపేసింది. చప్పుడు ఆగలేదు.

"బిడ్డా..." డాడీ గొంతే. గుసగుసగా. "వినబడుతుందా?"

అరవాలనుకుంది. చేతకాలేదు. నోట్లోంచి రోజూ చెప్పే మాటే వచ్చింది.

"కెమెరా ఆన్ చెయ్యి డాడీ. ముఖం చూపియ్యి."

"చీకటిగున్నది బిడ్డా..."

"ఫికర్ లేదు. చూపియ్యి."

పెట్టె వెలిగింది. ముక్కుల్లో దూది. చెంపలకు తడి మట్టి. తెరుచుకున్న కళ్ళు. కుడి కనుబొమ్మ మీద పాత గాటు.

అది ఆమె తండ్రి కాదు.

ఎవరో. ఎన్నడూ చూడని మనిషి. ఆ పెదాలు కదిలితే డాడీ గొంతు వస్తోంది.

"ఎవరు నువ్వు?"

"గట్లంటవేంది బిడ్డా..."

భయం కాదు, స్వరూపకు ముందు సంతోషమే కలిగింది. వాళ్ళు పొరపాటు పడ్డారు! వేరే మనిషిని పాతిపెట్టారు. డాడీ ఎక్కడో ఉన్నాడు. "అమ్మా, జల్ది రా! వాళ్ళు పాతిపెట్టింది డాడీని కాదే!"

తల్లి మాణిక్యమ్మ పిండి చేతులతో వచ్చింది. తెర వైపు చూసి నిలబడిపోయింది. మెల్లగా ఆ చెంపను వేలితో తడిమింది.

"అయ్యో... ఎంత చిక్కిపోయినవయ్యా."

"అమ్మా, డాడీ కాదు. సరిగ్గ చూడు."

"ఏం పిల్లవే? కన్నతండ్రిని గుర్తుపడ్తలేవా?"

స్వరూప ముందు గదిలోకి ఉరికి, బీరువాలోంచి ఆల్బం లాగింది. పెళ్ళిఫొటోలో అమ్మ పక్కన ఆ మనిషే. తనను ఎత్తుకుని చర్చి మెట్ల మీద... ఆ మనిషే. పట్టా అందుకున్న రోజు తన భుజం మీద చెయ్యి వేసి నవ్వుతూ... కుడి కనుబొమ్మ మీద గాటు.

పక్క గదిలో అమ్మ అడుగుతోంది. "ఎక్కడున్నవయ్యా?"

"వాకిట్లనే ఉన్న. పిల్ల గుర్తుపడితే వస్త..."

స్వరూప కళ్ళు గట్టిగా మూసుకుని డాడీని గుర్తు తెచ్చుకుంది. గొంతు వచ్చింది. గ్రీజు అంటిన చేతులు వచ్చాయి. ముఖం రాలేదు. ఎంత వెతికినా రాలేదు. చాలాసేపటికి ఒకటి వచ్చింది. కుడి కనుబొమ్మ మీద గాటుతో.

"డాడీ..." అంది. ఇన్నాళ్ళకు ఏడుపు తన్నుకొచ్చింది.

కళ్ళు తెరిచేసరికి అమ్మ తన పక్క నుంచి వాకిలి దిక్కు నడుస్తోంది. గడియ తీసిన చప్పుడైంది.