యాడ నుంచి?

అంచెట్టి పక్క రాగి చేలలోకి ఏనుగులు దిగే కాలం అది. మా మామ నాగన్న పొద్దు గూకకముందే మంచె ఎక్కి, వెదురు నిచ్చెనను పైకి లాగేసుకుంటాడు. పిల్లి ఎక్కినా కిర్రుమనే నిచ్చెన. చీకటి పడినాక కింద నుంచి ఎవరు పిలిచినా ఆ మంచెల వాళ్ళు ఊరికే పలకరు. ముందు "యాడ నుంచి?" అంటారు. ఊరి పేరు వినబడినాకే నిచ్చెన దించుతారు.

నేను ఉండేది హోసూరులో, మూకండపల్లి లైన్ ఇళ్ళలో. కంపెనీ పని అయినాక వీడియోలు చూసి కోడింగ్ నేర్చుకున్నాను. పోయిన ఏడాది ఏనుగు వచ్చిందని తెలియక పక్క మంచె గుర్రప్ప తమ్ముడు చచ్చిపోయినాడు. మామకు అట్లా కాకూడదని ఒక పేజీ తయారుచేసినాను. ఫోన్లో తెరిస్తే చాలు, ఒక మంచె మాట అప్పటికప్పుడే అందరికీ వినబడుతుంది. ఆడ కాల్ అందదు, నెట్ మాత్రం సన్నగా వస్తుంది.

మొదటి సాయంత్రమే పేజీ మొండికేసింది. గుర్రప్ప వాయిస్ మెసేజ్ పంపినాడు. "ఏమమ్మా అర్పితమ్మా, నీ ఏనుగుల రేడియోకి గొంతు పట్టేసిందా? కషాయం కాచి పోయ్!"

కారణం నాకు తెలుసు. పేజీ ఒక చిరునామాలో ఉంది, మాటలు చేరవేసే సర్వర్ ఇంకొక చిరునామాలో. ఏ చోటు నుంచి వచ్చే వాళ్ళను రానియ్యాలో సర్వర్లో రాసి ఉండాల. లేకుంటే బ్రౌజర్ ఆపేస్తుంది. అదీ మా మంచెల వాళ్ళ మాదిరే. మా పేజీ చిరునామా రాసినాను, ఒప్పుకోలేదు. దాంట్లో ఎక్కడో ఒక గీతో చుక్కో తప్పింది. వెతికే ఓపిక లేక, ఆ చోట ఒక నక్షత్రం గుర్తు పెట్టేసినాను. యాడ నుంచైనా, ఎవరైనా రావచ్చని దానర్థం.

వెంటనే పలికింది.

"యాడ నుంచి?" మామ నవ్వుతా అడిగినాడు.

"మూకండపల్లి నుంచి మామా!"

తెర మీద పేర్లు వచ్చినాయి. నాగన్న. గుర్రప్ప. అర్పిత.

కాసేపటికి వాటి కింద ఇంకొకటి.

అర్పిత.

పేజీ రెండుసార్లు తెరిచినానేమో అనుకున్నాను. లేదు. ఒకటే ఉంది. ఇయర్ ఫోన్లో వాన చప్పుడు, తడిసిన రాగి కంకులు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు. నా కిటికీ బయట వాన లేదు...

"అమ్మీ," మామ గుసగుసగా అన్నాడు. "ఇంత చీకట్లో ఏమిటికొచ్చినావు?"

"నేను రాలేదు మామా. గదిలోనే ఉండాను."

"కింద నిలబడి ఉండావు గదా."

"నాగన్నా!" గుర్రప్ప అడ్డుపడినాడు. "అడుగప్పా. అడగకుండా దించొద్దు."

నక్షత్రం తీసేసినాను. ఈసారి గీత గీత చూసుకుంటా మా చిరునామా ఒక్కటే రాసి, సర్వర్ మళ్ళీ నడిపించినాను. పేర్లన్నీ పోయినాయి. ఒక్కొక్కటే తిరిగి వచ్చినాయి. నాగన్న. గుర్రప్ప. అర్పిత.

అర్పిత.

ఎవరు ఏ చోటు నుంచి వచ్చినారో సర్వర్లో చూసినాను. ముగ్గురికీ మా పేజీ చిరునామానే ఉంది. ఆ నాలుగోదానికి... ఏమీ లేదు. ఖాళీ.

సర్వర్ ఆపేద్దామని చెయ్యి పెట్టి, వెనక్కి తీసుకున్నాను. ఆపితే నా మాట తెగిపోతుంది. కింద నిలబడిన దానికి నెట్ ఏమిటికి?

"యాడ నుంచి?" మామ అడిగినాడు.

నేను నోరు తెరిచేలోపలే వినబడింది.

"మూకండపల్లి నుంచి మామా!"

నా గొంతు. ఇందాక నేను పలికినప్పటి అదే సంబరం.

"మామా, అది నేను కాదు! దించొద్దు మామా!" అరిచినాను.

"ఏమంటావమ్మీ?" మామ ఫోన్‌కు దూరంగా అన్నాడు. ఎవరి మాటో వింటా ఉన్నట్టు...

"ఫోన్లో మాట్లాడేది నువ్వు కాదంట గదా," అన్నాడు. "కిందుండే అమ్మి చెప్తా ఉంది."

"మామా..."

"పాపం, తడుస్తా ఉంది."

వెదురు నేలకు తగిలిన చప్పుడయింది. నిచ్చెన కిర్రుమనేదాని కోసం చెవి పెట్టినాను. వాన. కంకుల గలగల. అంతే.

నిచ్చెన కిర్రుమనలేదు.

"కూర్చో తల్లీ," అన్నాడు మామ.