జీలుగు మట్ట మీద కొత్త పేరు

క్రీ.శ. 2094 నాటికి కొత్త పురుగుకు జాతకం రాయడం పప్పుకు పోపు పెట్టినంత సులువైపోయింది. ‘కంపశ్రవణి’ అనే యంత్రాన్ని కల్లు గీసే జీలుగు చెట్టు మట్టకు తగిలిస్తే చాలు. ఆ మట్టల మీద దూకే చిట్టి పురుగులు వరిలో సుడిదోమకు చుట్టాలు. అవి కూయవు, పొట్టతో మట్టను అదిలిస్తూ జోడీని పిలుస్తాయి. ఒక్కో జాతిది ఒక్కో దరువు. శ్రవణి ఆ వైబ్రేషన్‌ను పట్టి ప్రపంచ జాబితాతో పోల్చి, రెక్కల ఈనెలు లేజర్‌తో కొలిచి, నాలుగు నిమిషాల్లో వర్ణనపత్రం రాసిపెడుతుంది.

అయినా మారేడుమిల్లి అడవిలో డాక్టర్ మంగతాయారుకు ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క కొత్త జాతీ దొరకలేదు. ఎల్లుండే రిటైర్మెంటు. ఒక్క పురుగైనా తన చేతి మీదుగా లోకానికి తెలియాలని ఆవిడ ఆశ.

“ఏంటండీ తాయారుగారూ, ఇయ్యాల కూడా తెలిసిన పురుగేనాండీ?” ఇడ్లీ తింటూ అడిగాడు తోటి శాస్త్రవేత్త గవర్రాజు.

ఆయన పేరు మీద ఓ నల్లి ఉంది మరి. ఎవరి పేరు వాళ్లే పెట్టుకోవడం ఈ వృత్తిలో సిగ్గుమాలిన పని. అందుకని ఆయన ఓ పేడపురుగుకు కటక్‌లోని ఓ ప్రొఫెసరు పేరు పెట్టాడు. ఏడాది తిరక్కుండా ఆ ప్రొఫెసరు నల్లితో రుణం తీర్చుకున్నాడు.

“ఎక్కిరించండి, మీ సొమ్మేం పోయింది!” అంది తాయారు.

అప్పుడే శ్రవణి పలికింది. “మేడమ్, ఈ దరువు జాబితాలో లేదు.”

నాలుగు నిమిషాలకు పత్రం వచ్చింది: లేతపసుపు ఒళ్లు, నుదుట మూడు ఎర్రచుక్కలు. పేరు: తాయారీ.

“అయ్యో, నా పేరా! నలుగురూ నవ్విపోరూ?”

“పెట్టింది మీరు కాదుగా, నేను. మీరు సంతకం చేస్తే చాలు.”

సంతకం చేస్తుంటే ఆవిడకు కళ్లనీళ్లు ఆగలేదు. గవర్రాజు మిగిలిన ఇడ్లీ ఆవిడ చేతిలో పెట్టాడు.

“ఒక మాట మేడమ్,” అంది శ్రవణి. “వాగు అవతల నాలుగో జీలుగు మీద ఇంకో కొత్త దరువుంది. అక్కడ తగిలించినప్పుడల్లా రెండేళ్లుగా వింటున్నాను.”

“రెండేళ్లా! మరి చెప్పవేమే?”

“మీ వాళ్లు రాసిన పత్రాలన్నీ చదివాను. నా పేరు నేను పెట్టుకోకూడదు, ముందు మీకివ్వాలి. ఒక్కటే ఉంటే, ఇచ్చేశాక మీరు నా పేరు పెట్టడానికేం మిగులుతుంది? అందుకే రెండోది దొరికేదాకా ఆగాను.”

నీళ్లు తాగుతున్న గవర్రాజుకు పొలమారింది.

తాయారుకు ముందు ఒళ్లు మండింది. గవర్రాజు వైపు చూసేసరికి నవ్వొచ్చింది. కొంగు దులిపి, వాగు దాటి, నాలుగో జీలుగు మట్టకు శ్రవణిని తగిలించింది. పత్రంలో పేరు గడిలో తన చేత్తోనే ‘శ్రవణీ’ అని రాసింది.

“ఇస్తినమ్మ వాయనం,” అంది.

యంత్రం అర క్షణం వెతుక్కుంది.

“పుచ్చుకుంటినమ్మ వాయనం.”